జంట ఫోటోను ఉత్త కళ్లతో త్రీడీలో చూడటం ఎలా?

పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం స్తంభాలవో, పిల్లలమర్రి ఊడలవో రెండేసి ఫోటోలు పక్కపక్కన పెట్టి పంపినప్పుడల్లా నాకు వచ్చే జవాబు దాదాపు ఒకటే: "సార్, ఒకే ఫోటో రెండుసార్లు వచ్చింది." కొందరు ఇంకాస్త మర్యాదగా, "రెండోది తీసేయడం మర్చిపోయినట్టున్నారు" అంటారు. అవి ఒకే ఫోటో కాదు. ఒకటి ఎడమ కన్ను చూసేది, ఇంకొకటి కుడి కన్ను చూసేది. రంగుటద్దాలు, పెట్టెలు ఏమీ లేకుండా వాటిని కళ్లతోనే కలిపి చూడొచ్చు. ఎలాగో ఫోన్ చేసి అడుగుతారు. కానీ ఫోను చెవి దగ్గర ఉంటే ఫోటో చూసేదెక్కడ? అందుకే రాసి పెడుతున్నాను.

సిద్ధాంతం ఒక్క పేరాలో తేల్చేద్దాం. బొటనవేలు ముఖానికి ఎదురుగా నిలబెట్టి, దూరంగా ఉన్న కరెంటు స్తంభానికి సూటిగా పట్టండి. ఒక కన్ను మూసి ఇంకో కన్నుతో, తర్వాత ఆ కన్ను మూసి ఈ కన్నుతో చూడండి. వేలు అటూ ఇటూ దూకుతుంది. పెద్దవాళ్లకు రెండు కనుపాపల మధ్య దూరం సుమారు 6.3 సెం.మీ. ఉంటుంది. ఆ కాస్త ఎడం వల్ల ఒక్కో కన్నుకు ఒక్కో దృశ్యం. ఆ తేడాను బట్టే మెదడు ఏది ముందు, ఏది వెనక అని లెక్క కడుతుంది. చార్లెస్ వీట్‌స్టన్ 1838లోనే ఈ సంగతి చెప్పి, రెండు అద్దాలు అమర్చి రెండు బొమ్మలను కలిపి చూపించాడు. మనం ఆ అద్దాల పని కళ్లతో చేయించబోతున్నాం.

ఇందులో చిక్కు ఎక్కడంటే, పసితనం నుంచి మన కళ్లకు ఒక అలవాటు ఉంది. రెండు కళ్ల చూపు ఎక్కడ కలుస్తుందో ఫోకస్ కూడా అక్కడే పడుతుంది. ఇక్కడ చూపు ఒక దూరంలో కలవాలి, ఫోకస్ ఇంకో దూరంలో పడాలి. కళ్లు తిప్పడం అందరికీ వస్తుంది. ఫోకస్ విడిపడి స్థిరపడేదాకా ఆగడమే చాలామందికి రాదు. బొమ్మ మసకగా ఉందని రెండు సెకన్లలోనే చూపు తిప్పేస్తారు. కింద చెప్పేదంతా ఆ ఆగడం కోసమే.

కావాల్సినవి

రెండు కళ్లూ పనిచేయాలి. ఒక కన్నుకు చూపు బాగా తక్కువ ఉన్నా, చిన్నప్పటి నుంచి మెల్లకన్ను ఉన్నా ఇది రాకపోవచ్చు. ఎంత ప్రయత్నించినా రాలేదని నొచ్చుకోనక్కర్లేదు. పిల్లలకు మెల్లకన్నుకో, ఒక కన్నుకు పట్టీ వేసో వైద్యం జరుగుతుంటే డాక్టరును అడక్కుండా ఈ సాధన చేయించొద్దు. మిగతా పిల్లల గురించి, "మెల్లకన్ను పెట్టకు, అట్లనే ఉండిపోతది" అని ఇంట్లో పెద్దవాళ్లు బెదిరిస్తారు కానీ అలా ఏమీ ఉండిపోదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా కళ్లు లోపలికే తిరుగుతాయి.

వస్తువులు: జంట ఫోటో ఉన్న ఫోనుగాని ప్రింటుగాని, ఒక పెన్ను, ఒక స్కేలు, తెల్ల కాగితం. వెలుతురు బాగా ఉండాలి. రాత్రి లైటు తీసేసి మంచం మీద పడుకొని చూస్తే రాదు. పగటిపూట వరండాలో నీడన కూర్చోండి. వెలుతురులో కంటిపాప చిన్నదవుతుంది, ఫోకస్ కాస్త అటూ ఇటూ ఉన్నా బొమ్మ స్పష్టంగానే కనిపిస్తుంది.

అద్దాలు పెట్టుకునేవాళ్లకు ఒక మాట. మీకు దగ్గరివి బాగా కనిపించి దూరానివి కనిపించని సైట్ ఉంటే, రెండో పద్ధతికి అద్దాలు తీసేసి చూడండి. మైనస్ 3 ఉన్నవాళ్లకు 33 సెం.మీ. దూరంలోని బొమ్మ కన్నుకు ఏ శ్రమా లేకుండా స్పష్టంగా ఉంటుంది. మిగతావాళ్లు కుస్తీ పట్టే పని వాళ్లకు ఉచితంగా దొరుకుతుంది. రెండు కళ్లకూ పవర్‌లో పెద్ద తేడా ఉంటే మాత్రం అద్దాలు ఉంచుకోవాల్సిందే. చత్వారం అద్దాల వాళ్లు చదివేటప్పుడు పెట్టుకునేవి పెట్టుకోండి. పైన దూరానికి, కింద దగ్గరకు ఉండే అద్దాలైతే, బొమ్మ మొత్తం కింది భాగంలోంచే కనిపించేలా ఫోను దించి పట్టుకోండి.

ముందు ఇది తేల్చుకోండి: మీ ఫోటో ఏ రకం?

జంట ఫోటోలు రెండు రకాలుగా పేరుస్తారు. ఎడమ కన్ను ఫోటో ఎడమ పక్కన, కుడి కన్నుది కుడి పక్కన ఉంటే అది దూరచూపు రకం, అంటే ప్యారలల్. అటుది ఇటు, ఇటుది అటు పెడితే మెల్లకన్ను రకం, అంటే క్రాస్. ఒకదాని కోసం పేర్చిన దాన్ని ఇంకో పద్ధతిలో చూస్తే లోతు తిరగబడుతుంది.

కింద రాసి లేకపోతే స్కేలుతో తేల్చొచ్చు. ఫోటోలో బాగా దగ్గరగా ఉన్న ఒక గుర్తు తీసుకోండి, ఉదాహరణకు ముందున్న స్తంభం అంచు. ఎడమ ఫోటోలో ఆ అంచు నుంచి కుడి ఫోటోలో అదే అంచు దాకా కొలవండి. తర్వాత వెనక గోడ మీద ఒక గుర్తు తీసుకొని అలాగే కొలవండి. దగ్గరి గుర్తుల మధ్య 58 మి.మీ., వెనక గుర్తుల మధ్య 61 మి.మీ. వచ్చిందనుకోండి. దగ్గరిది తక్కువ కాబట్టి అది దూరచూపు రకం. దగ్గరిదే ఎక్కువ వస్తే మెల్లకన్ను రకం. రెండూ అక్షరాలా సమానంగా వస్తే, ఎవరో ఒకే ఫోటోను రెండుసార్లు అతికించి పంపారన్నమాట. దాన్ని సాయంత్రం దాకా చూసినా లోతు రాదు. ఎరుపు, నీలం నీడలతో ఒకదాని మీద ఒకటి పడి ఉండే ఫోటోలు వేరే జాతి, వాటికి రంగుటద్దాలు కావాల్సిందే.

మొదటి పద్ధతి: మెల్లకన్ను

కొత్తవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. ఫోటో ఎంత పెద్దదైనా, కంప్యూటర్ తెర మీదైనా పనిచేస్తుంది.

1. ఫోటోను కళ్లకు 50 సెం.మీ. దూరంలో కదలకుండా నిలబెట్టండి. చేత్తో పట్టుకుంటే ఊగుతుంది. పుస్తకాలకో చెంబుకో ఆనించండి. మొదటిసారికి ఒక్కో ఫోటో 6, 7 సెం.మీ. వెడల్పు ఉంటే చాలు.

2. తల నిటారుగా. రెండు కళ్ల గీత, ఫోటో అడుగు అంచు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి.

3. పెన్ను మొనను మీ ముక్కుకూ ఫోటోలకూ మధ్య, ఇంచుమించు సగం దూరంలో పట్టుకోండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. కుడి కన్నుకు పెన్ను మొన ఎడమ ఫోటో మీద కనిపించాలి. అది ఏ గుర్తు మీద ఉందో చూసుకోండి, స్తంభం పైకొస అనుకుందాం. ఇప్పుడు కుడి కన్ను మూసి ఎడమ కన్నుతో చూస్తే మొన కుడి ఫోటోలోని అదే స్తంభం కొస మీద ఉండాలి. లేకపోతే పెన్నును ముందుకో వెనక్కో జరపండి. ఈ ఒక్క పని ఓపిగ్గా చేస్తే సగం అయిపోయినట్టే. చాలామంది దీన్ని దాటేసి నేరుగా కళ్లు తిప్పుతారు, అక్కడే తప్పిపోతారు.

4. రెండు కళ్లూ తెరవండి. పెన్ను మొననే చూడండి, ఫోటోల వైపు చూడొద్దు. వెనక మసకమసకగా మూడు ఫోటోలు ఉన్నట్టు తెలుస్తుంది. నాలుగు ఉంటే పెన్నును కొద్దికొద్దిగా జరిపి మధ్యవి రెండూ ఒకటయ్యేలా చూడండి.

5. ఇప్పుడు ఆగండి. మొన మీది నుంచి చూపు తీయకుండా, మధ్య ఫోటోను మనసుతో గమనించండి. మసకగానే ఉంటుంది, ఉండనివ్వండి. రెప్ప వేసినా ఫరవాలేదు. కాసేపటికి ఒక అంచో, ఒక చెక్కడమో తేటపడుతుంది. దాన్ని పట్టుకుంటే మిగతాది అదే వస్తుంది.

6. బొమ్మ తేటపడ్డాక పెన్నును మెల్లగా కిందికి దించండి. పక్కకు లాగితే చూపు దాని వెంటే పోతుంది.

ఈ పద్ధతిలో మధ్య బొమ్మ అసలు ఫోటో కంటే చిన్నదిగా, తెరకు ఇవతల గాల్లో నిలబడినట్టు కనిపిస్తుంది. అది తప్పేం కాదు.

పెన్ను ఎంత దూరంలో ఉండాలనే దానికి ఒక లెక్క ఉంది. రెండు ఫోటోల్లో ఒకే గుర్తు మధ్య ఎడం మీ కళ్ల మధ్య ఎడం అంతే ఉంటే సరిగ్గా సగం దూరంలో. ఫోటోల ఎడం దానికి రెట్టింపు ఉంటే, అంటే ల్యాప్‌టాప్ మీద 12, 13 సెం.మీ. ఉంటే, ముఖం నుంచి మూడో వంతు దూరంలో. అంత లోపలికి కళ్లు తిప్పడం మొదట్లో నొప్పి. అప్పుడు ఫోటోను చిన్నది చేయండి, లేదా మీరే వెనక్కి జరగండి. దూరం జరిగే కొద్దీ సులువవుతుంది.

పెన్ను కుదరనివాళ్లు అట్టముక్కకు రూపాయి బిళ్లంత రంధ్రం చేసి, పెన్ను ఉండాల్సిన చోట అడ్డం పట్టుకోండి. ఎడమ కన్ను మూసినప్పుడు ఎడమ ఫోటో, కుడి కన్ను మూసినప్పుడు కుడి ఫోటో మాత్రమే రంధ్రంలోంచి కనిపించాలి. రెండు కళ్లూ తెరిచి చూస్తే పక్కలనున్న రెండు ఫోటోల గోల ఉండదు, ఒక్క బొమ్మే మిగులుతుంది.

రెండో పద్ధతి: దూరచూపు

ఇందులో కళ్లు లోపలికి తిరగవు. దూరంగా ఉన్న గుట్టను చూస్తున్నట్టు నిదానంగా, సమాంతరంగా ఉంటాయి. అలవాటైతే కళ్లకు ఇదే హాయి. కానీ ఒక పరిమితి ఉంది. మన కళ్లు బయటి వైపుకు విచ్చుకోవు కాబట్టి రెండు ఫోటోల్లో ఒకే గుర్తు మధ్య దూరం 6.3 సెం.మీ. దాటకూడదు. మొదటిసారికి 5 లోపు ఉంటే మంచిది.

ఎక్కువ మంది ఓడిపోయేది ఇక్కడే. జంట ఫోటో రాగానే పెద్దగా కనిపించాలని ఫోనును అడ్డం తిప్పుతారు. 6.5 అంగుళాల ఫోను అడ్డంగా 15 సెం.మీ. ఉంటుంది, అంటే ఫోటోల ఎడం ఏడున్నర. ఏ కళ్లూ అంత విచ్చుకోవు. ఆటో రొటేట్ ఆపేసి ఫోనును నిలువుగానే పట్టుకోండి. అప్పుడు ఎడం మూడున్నర సెం.మీ. లోపే ఉంటుంది. బొమ్మ చిన్నదే, కానీ వస్తుంది.

1. ఫోనును నిలువుగా, ముఖానికి 30 సెం.మీ. దూరంలో పట్టుకోండి. వెనక నుంచి కిటికీ వెలుతురు పడేలా కూర్చుంటే తెర మీద మీ ముఖం నీడలా కనిపిస్తుంది.

2. ఫోటోను వదిలేసి, ఆ నీడలో మీ ముక్కు కొసను చూడండి. తెర ఎంత దూరంలో ఉందో మీ ప్రతిబింబం తెరకు అవతల మళ్లీ అంతే దూరంలో ఉంటుంది. దాన్ని చూస్తున్నప్పుడు మీ రెండు చూపులు తెరను సరిగ్గా మీ కళ్ల ఎడంలో సగం దూరంలో, అంటే మూడు సెం.మీ. చిల్లరలో తాకుతాయి. నిలువు ఫోను మీద జంట ఫోటోల ఎడం కూడా దాదాపు అంతే. అందుకే ఈ కిటుకు ఫోనుకు అచ్చంగా అతుకుతుంది.

3. ముక్కును చూస్తూనే ఉండండి. దానికి ఇవతల మూడు ఫోటోలు తేలుతాయి. మధ్యదాని మీద మనసు పెట్టి ఆగండి. తేటపడుతుంది.

ప్రతిబింబం సరిగ్గా కనిపించకపోతే ఇంకో దారి. డాబా మీదికెక్కి దూరంగా ఏదైనా చూడండి. నల్లగొండ వాళ్లైతే లతీఫ్‌సాబ్ గుట్ట ఉండనే ఉంది. చూపు గుట్ట మీదే ఉంచి, ఫోనును కింది నుంచి మెల్లగా చూపుకు అడ్డంగా లేపండి. ఫోను వచ్చిందని కళ్లు దాని మీదికి దూకకూడదు, అంతే. దూకితే దించి మళ్లీ మొదలుపెట్టండి.

అదీ రాకపోతే ఫోనును ముక్కుకు ఆనించండి. అంత దగ్గరగా ఏదీ ఫోకస్ కాదు కాబట్టి కళ్లు ప్రయత్నమే మానేస్తాయి. ఆ శూన్యపు చూపుతోనే ఫోనును అంగుళం అంగుళం దూరం జరపండి. తొందరపడితే కళ్లు మేల్కొని మామూలు చూపుకు వచ్చేస్తాయి. ప్రింటు అయితే ఇంకా తేలిక: రెండు ఫోటోల మధ్య ఒక అట్టముక్కను నిలబెట్టి, రెండో అంచును ముక్కుకు ఆనించుకుంటే ఏ కన్నుకు ఆ ఫోటోనే కనిపిస్తుంది.

దూరచూపులో బొమ్మ పెద్దదిగా, తెర వెనక ఒక గదిలో ఉన్నట్టు అనిపిస్తుంది.

ఏదీ రావట్లేదా? దుప్పటితో మొదలుపెట్టండి

ఒకే నమూనా అడ్డంగా మళ్లీ మళ్లీ వచ్చేది ఏదైనా సాధనకు పనికొస్తుంది: గచ్చు టైల్స్, కిటికీ గ్రిల్, ప్లాస్టిక్ కుర్చీ వెన్ను. గోడకు అంటించే పూల కాగితంతో ఇలా జరుగుతుందని 19వ శతాబ్దంలోనే డేవిడ్ బ్రూస్టర్ రాశాడు. మన దగ్గర అంతకన్నా మంచిది ఉంది, పోచంపల్లి దుప్పటి. గళ్లు నాలుగైదు సెం.మీ. ఎడంలో ఉన్నదాన్ని ఎదురుగా తాడు మీద ఆరేసి, అరమీటరు దూరంలో నిలబడి, దాని అవతలికి చూస్తున్నట్టు చూడండి. ఒక గడి పక్క గడి మీదికి జారి కూర్చుంటుంది. ఒక్కసారిగా బట్ట మొత్తం వెనక్కి దిగిపోయి గళ్లు పెద్దవైనట్టు కనిపిస్తాయి. కళ్లు లోపలికి తిప్పితే బట్ట ముందుకొచ్చి గళ్లు చిన్నవవుతాయి. ఇక్కడ వందల జతలు ఉన్నాయి కాబట్టి కళ్లు ఏదో ఒకదాన్ని పట్టుకుంటాయి.

పట్టుబడ్డాక కాస్త నిలిచి చూడండి. యంత్రం మీద అచ్చు వేసిన గుడ్డలో గళ్లన్నీ ఒకే మట్టంలో ఉంటాయి. చేత్తో నూలు చుట్టి, రంగులద్ది, మగ్గం మీద నేసిన ఇక్కత్‌లో ఒక గడికీ పక్క గడికీ అడ్డంగా దారం వాసి తేడా ఉంటుంది. ఆ తేడా కళ్లకు లోతుగా మారుతుంది. ఒక గడి కొద్దిగా ముందుకు, ఒకటి వెనక్కి, అంచులు నీళ్లలో వెదురు ఆకుల్లా పైకీ కిందికీ తేలుతుంటాయి. మామూలుగా చూస్తే ఇదేమీ కనిపించదు. ఒకే బొమ్మలో ఆకారం దాచిపెట్టే చుక్కల చిత్రాలు పనిచేసేది కూడా ఇలాగే. వాటికి దూరచూపు పద్ధతి వాడండి.

నిజంగా వచ్చిందా? ఇలా తేల్చుకోండి

"ఏదో వచ్చినట్టే ఉంది సార్" అనేవాళ్ల కోసం ఈ పరీక్ష. తెల్ల కాగితం మీద 3 సెం.మీ. వ్యాసంతో రెండు వృత్తాలు గీయండి, వాటి కేంద్రాల మధ్య 5 సెం.మీ. ఉండాలి. ఎడమ వృత్తంలో కేంద్రానికి 2 మి.మీ. కుడిగా ఒక చుక్క పెట్టండి. కుడి వృత్తంలో కేంద్రానికి 2 మి.మీ. ఎడమగా చుక్క పెట్టండి. ఎడమ వృత్తం నెత్తిన ఒక నిలువు గీత, కుడి వృత్తం అడుగున ఒక నిలువు గీత గీయండి.

ఇప్పుడు కలిపి చూడండి. దూరచూపుతో చూస్తే చుక్క కాగితం మీంచి లేచి మీ వైపు వస్తుంది. మెల్లకన్నుతో చూస్తే చుక్క గుంతలో పడినట్టు వెనక్కి పోతుంది. అంటే మీ కళ్లు ఏ పద్ధతిలో పనిచేస్తున్నాయో కూడా ఆ చుక్కే చెబుతుంది. కొందరు దూరచూపు అనుకుంటూ కళ్లు లోపలికి తిప్పేస్తుంటారు, వాళ్లకు తెలియదు. మధ్య వృత్తానికి పైనా కిందా రెండు గీతలూ ఉంటే రెండు కళ్లూ పనిలో ఉన్నట్టు. ఒక గీత మాయమైతే, లేదా వచ్చిపోతుంటే, మెదడు ఒక కన్నును పక్కన పెడుతోంది. ఎప్పుడూ అదే పక్క గీత మాయమవుతుంటే ఒకసారి కంటి డాక్టరుకు చూపించుకోండి.

ఫోటోలోనైతే ఇంకో గుర్తు: బొమ్మ నిలబడ్డాక తలను కొద్దిగా అటూ ఇటూ జరపండి. ముందున్న వస్తువు మీ తల వెంటే జరుగుతున్నట్టు ఉంటుంది. నిజం స్తంభమైతే అలా చేయదు.

తరచూ ఎదురయ్యే ఇబ్బందులు

మధ్యలో రెండు బొమ్మలు దగ్గరకొచ్చాయి కానీ ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయంటే తలో ఫోనో ఒరిగింది. తలను కదిలించకుండా ఫోనును గడియారం ముల్లులా అటో ఇటో సన్నగా తిప్పండి, ఒక దగ్గర టక్కున అతుక్కుంటాయి. పక్కకు తిరిగి పడుకొని చూసేవాళ్లకు రాకపోవడానికి కారణం ఇదే.

దగ్గరిది దూరంగా, దూరానిది దగ్గరగా ఉందంటే రకం తారుమారైంది. పిల్లలమర్రి ఫోటోను ఇలా చూస్తే ఆకాశం ముందుకొచ్చి, అందులో ఊడల ఆకారంలో చీలికలు పడ్డట్టు ఉంటుంది. తమాషాగా ఉంటుంది గానీ అది సరైన చూపు కాదు. ఇంకో పద్ధతికి మారండి, లేదా ఫోటోలను అటూ ఇటూ మార్చుకోండి.

మూడు బొమ్మలు వచ్చాయి, మధ్యది మాత్రం ఎంతకీ తేటపడట్లేదంటే ఇంకాస్త వెనక్కి జరగండి, వెలుతురు పెంచండి. ఫోటోలో సన్నటి అంచులున్న చోటు ఎంచుకోండి. ఖాళీ ఆకాశాన్ని చూస్తూ కూర్చుంటే కళ్లకు పట్టు దొరకదు.

తలనొప్పి మొదలైతే అక్కడితో ఆపేయండి. మొదటి రోజుల్లో రెండు మూడు నిమిషాలు చాలు. తర్వాత కాసేపు దూరంగా చెట్లనో ఆకాశాన్నో చూడండి. కళ్లకు బలవంతం చేస్తే రేపు ఇంకా మొండికేస్తాయి. బండి మీద వెళ్తూ ముందు లారీ వెనక రంగు గళ్లతో సాధన చేయొద్దని కూడా చెప్పాలా? చెబుతున్నాను, ఎందుకంటే ఒకసారి అలవాటైతే కళ్లు ఎక్కడ పడితే అక్కడ జతలు వెతుకుతాయి.

మీరే తీయాలంటే

మామూలు ఫోను చాలు. నిలబడి, బరువు ఎడమ కాలి మీద వేసి ఒక ఫోటో తీయండి. ఫోనును తిప్పకుండా, ఎత్తు మార్చకుండా, బరువు కుడి కాలి మీదికి మార్చి రెండోది తీయండి. ఫోను ఆరేడు సెం.మీ. జరిగితే చాలు. దగ్గరి వస్తువు ఎంత దూరంలో ఉందో అందులో 30వ వంతు జరగాలన్నది పాత లెక్క. రెండు మీటర్ల దూరంలోని స్తంభానికి ఆరున్నర సెం.మీ. పైచిలుకు. భువనగిరి గుట్టను 300 మీటర్ల దూరం నుంచి తీస్తుంటే, మధ్యలో అడ్డంగా దగ్గరివేమీ లేకపోతే, రెండు క్లిక్కుల మధ్య 10 మీటర్లు నడవాలి. అప్పుడు గుట్ట బొమ్మరాయిలా చిన్నదిగా, కానీ ఒక్కో మలుపూ విడివిడిగా కనిపిస్తుంది.

ఇదే పని ఆకాశం నుంచీ జరిగింది. 2005 మే 5న పంపిన కార్టోశాట్-1 ఉపగ్రహంలో రెండు కెమెరాలు, ఒకటి 26 డిగ్రీలు ముందుకు, ఒకటి 5 డిగ్రీలు వెనక్కి వంచి పెట్టారు. ఒకే నేలను రెండు కోణాల్లో తీసి గుట్టల ఎత్తులు కట్టారు. మన పాలమూరు పక్క షాద్‌నగర్‌లోని ఇస్రో కేంద్రం పెద్ద పెద్ద డిష్‌లతో అందుకునేది ఇలాంటి ఉపగ్రహాల చిత్రాలనే.

కదిలేవి తీయకండి. రెండు ఫోటోల మధ్య కృష్ణ అలలు మారిపోతాయి, మనుషులు నడుస్తారు, గాలికి ఆకులు ఊగుతాయి. అవి కలిపి చూసినప్పుడు మెరిసినట్టు చిరాకు పెడతాయి. రాయి ఉత్తమం. దేవరకొండ కోట గోడలు, ఆలంపురం గుళ్ల గోపురాలు, పచ్చల సోమేశ్వరం చెక్కడాలు చక్కగా వస్తాయి. గాలి లేని పొద్దున పిల్లలమర్రి అన్నిటికంటే బాగుంటుంది. ఒక్క ఫోటోలో ఆ ఊడలన్నీ ఒక చిక్కుముడి. జంటలో ఏ ఊడ ఎక్కడ దిగిందో, దేని వెనక ఏది ఉందో లెక్కపెట్టుకోవచ్చు. గర్భగుడి దగ్గర, మ్యూజియం దగ్గర ఫోటోకు అనుమతి ఉందో లేదో అడిగాకే ఫోను తీయండి.

తర్వాత ఏదైనా కొలాజ్ యాప్‌లో రెండూ పక్కపక్కన పెట్టండి. మధ్యలో గీత లేకుండా, రెండూ ఒకే కొలతతో ఉండాలి. ఎడమ కాలి ఫోటో ఎడమకు పెడితే దూరచూపుకు, కుడికి పెడితే మెల్లకన్నుకు. యాప్ తనంతట తాను ఒకదాన్ని ఎక్కువ కత్తిరిస్తుంది, గమనించుకోండి. పైనా కిందా రెండూ ఒకే దగ్గర తెగాలి. ఎవరికైనా పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే అంచులు చెడవు. కింద "దూరచూపు" అనో "మెల్లకన్ను" అనో తప్పకుండా రాయండి, లేకపోతే మీకూ ఆ జవాబే వస్తుంది: రెండోది తీసేయడం మర్చిపోయారా అని.